పచ్చదీపాన్ని నమ్మని అనంతపద్మనాభం గారు

1984 జూన్ పదకొండో తేదీన శ్రీ అనంతపద్మనాభం గారు మద్రాసు నుంచి విచ్చేసి, ఫిల్మ్‌నగర్‌లోని మన ల్యాబ్‌లో ప్రధాన రసాయనవేత్తగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు తమకిచ్చిన మంచినీళ్ళ గ్లాసును వెలుతురుకెత్తి, వాసన చూసి, అప్పుడు గానీ తాగలేదు. ఇంత అనుమానంతో మనిషి ఎలా బతుకుతాడా అని మేమంతా విస్తుపోయాం.

ఫిల్ములు కడిగిన మందునీళ్ళు షేక్‌పేట కాలువలోకి పోవడం వారికి మింగుడుపడలేదు. ఏడేళ్ళు యాజమాన్యంతో పోరాడి 1991లో విదేశీ శుద్ధియంత్రాన్ని తెప్పించినవారూ, వచ్చాక దాన్ని అందరికన్నా ఎక్కువగా శంకించినవారూ వారే. నీళ్ళు శుభ్రపడితే పచ్చదీపం, లేకుంటే ఎర్రదీపం వెలిగే ఆ యంత్రానికి బాధ్యుణ్ణి నేను. మూడు నెలలు పచ్చదీపమే వెలిగింది. నాకొచ్చిన పేరు చూసి వారు ఓర్వలేకపోతున్నారని నలుగురిలో అన్నాను. అందుకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

ఒకనాడు, ఆ కాలువ పక్కనే బావి ఉన్న షేక్‌పేట పోచయ్య మా గేటు దగ్గరికి వచ్చాడు.

"సారూ, మా బాయిల నీళ్లు బర్రెలు ముడ్తలేవు. పది దినాల సంది గిట్లనే ఉంది. జర చూడుండ్రి."

"యంత్రం బాగానే పనిచేస్తోంది," అన్నాను.

"బర్రెకి అబద్ధం ఆడాల్సిన అవసరం ఏముందయ్యా, చలపతీ? నీ దీపం ఏ నీళ్ళు చూసి వెలుగుతోందో చూద్దాం పద," అన్నారు అనంతపద్మనాభం గారు.

చూశాం. ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టే ముహూర్తానికి పచ్చదీపం వెలిగి తీరాలని, మన సినిమావాళ్ళ అలవాటు చొప్పున, పరీక్ష గొట్టాన్ని కుళాయి నీళ్ళకు తగిలించినవాణ్ణి నేనే. తరువాత మార్చడం మరిచాను. మార్చగానే ఎర్రదీపం వెలిగింది. లోపలి వడపోత ఎప్పుడో పూడుకుపోయింది.

విడుదల కావలసిన రెండు చిత్రాల ప్రింట్లు ఆగిపోతాయని, ఉద్యోగం ఊడుతుందని పైవారు హెచ్చరించినా, అనంతపద్మనాభం గారు నాలుగు రోజులు ల్యాబ్ మూయించి వడపోత మార్పించారు. పోచయ్య బావి తోడించారు. నా పొరపాటును మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఈ వీడ్కోలు సంచికలో నేనే మొదటిసారి చెబుతున్నాను. యంత్రాన్ని పీకేద్దామన్నవారిని కూడా వారు నమ్మలేదు. "అది ఉండాలి, దాని పక్కన మనమూ ఉండాలి," అన్నారు. ఆపై ఏడేళ్ళు ప్రతి సోమవారం స్వయంగా ఆ బావి నీళ్ళు సీసాలో తెచ్చి పరీక్షించారు.

నేడు ఆ సీసా నా చేతికిచ్చి పదవీ విరమణ చేస్తున్న వారు, సహధర్మచారిణి శ్రీమతి రమామణి గారితో కలిసి సంపూర్ణారోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. అయితే మోతీనగర్‌లోని తమ ఇంట్లో వారు కులాసాగా ఉన్నారని ఎవరు చెప్పినా నేను నమ్మను. ప్రతి సోమవారం పోచయ్య బావి చూసుకుని, అటునుంచి అటే వారింటికి వెళ్ళి, వారిని నా కళ్ళతో చూసి వస్తాను.

— చలపతిరావు, యంత్ర విభాగం