గొంజురో శంఖం అడిగిన పూట

కరసుదాకె కొండ కింది పల్లెల్లో కోతలు కోసేవాణ్ణి 'హొరాఫుకి' అంటారు. ఆ మాటను విడదీస్తే శంఖం ఊదేవాడని. బొగ్గులు కాల్చే గొంజురోను ఊరంతా అలాగే పిలిచేది, పైగా అతని మొహం మీదే. అతనికి కోపం వచ్చేది కాదు. ఏటా వేసవి చివర జనం మొక్కు తీర్చుకోవడానికి కొండెక్కేటప్పుడు అందరికంటే ముందు తెస్షిన్ తాత శంఖం ఊదుతూ నడిచేవాడు, గొంజురో బియ్యం బస్తా మోస్తూ అందరికంటే వెనక నడిచేవాడు. ఒక్కసారైనా ఆ ముందు చోట నడవాలని అతనికి కుర్రతనం నుంచీ కోరిక. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ ఏడు తాతకు ముందు పళ్ళు ఊడిపోయాయి. శంఖం నోట పెడితే గాలి పక్కల నుంచి బుస్సుమని పోతోంది. తెల్లారితే కొండెక్కాలి. శంఖం ఎవరికివ్వాలో తేల్చడానికి మధ్యాహ్నం నలుగురూ ఒషిగె టీ దుకాణం అరుగు మీద చేరారు.

"తేల్చేదేముంది? నాకిచ్చెయ్యండి," అన్నాడు గొంజురో.

"నీకా?" అన్నాడు గుర్రాల మీద బరువులు తోలే బాన్‌కిచి.

"నాకే. ఇన్నేళ్ళుగా నన్ను శంఖం ఊదేవాడని పిలిచింది మీరు కాదూ? ఉత్తినే పిలిచారా? ఊరంతా కలిసి అబద్ధమాడిందా?"

ఒషిగె నవ్వాపుకుంటూ, "అసలు నువ్వెప్పుడైనా శంఖం ఊదావా బాబాయ్?" అంది.

గొంజురో టీ చిప్ప కింద పెట్టాడు. అతను చిప్ప కింద పెట్టాడంటే ఇక పొద్దు గూకినట్టేనని అందరికీ తెలుసు.

"ఊదానా అని అడుగుతున్నావా తల్లీ? నాకింకా మీసం రాని రోజులు, కొండ మీద బొగ్గు బట్టీ దగ్గర కూచుని అన్నం ముద్ద మూట విప్పానో లేదో, పొదలోంచి అడవిపంది, ఎంతనుకున్నావ్, మన బాన్‌కిచి గుర్రమంత, నా ముద్ద మీదికే వస్తోంది, చేతిలో కర్రన్నా లేదు, ఎవరో సన్యాసి గుడిసెలో మరిచిపోయిన శంఖం కనపడితే తీసి ఒక్క ఊదు ఊదాను, మరీ గట్టిగా కూడా కాదు, తిండి ముందు గట్టిగా ఊదకూడదు కదా, ఆ ఊదుకే పంది పరుగో పరుగు. ఎంత వేగమంటే వెంట్రుకలు అక్కడే ఉండిపోయాయి, పంది మాత్రం వెళ్ళిపోయింది!"

"బోడి పందా?"

"బోడిదే. ఆ చలికాలం గడ్డి కోటు తొడుక్కుని తిరిగింది పాపం."

"నాడాలు ఎవరు కట్టారు బాబాయ్?"

"దాని పెళ్ళాం కట్టింది, నీకెందుకు? అసలు సంగతి విను. ఆ చప్పుడు ఎదుటి కొండకు పోయి కొట్టుకుంది. అక్కడ దేవదారు మీద ఎవరు నిద్రపోతున్నారనుకున్నావ్? కొండ భూతం తెంగు! ఎర్ర మొహం, రెక్కలు, మూరెడు ముక్కు. దబ్బున కింద పడ్డాడు. వచ్చాడు నా దగ్గరికి. 'ఎవడ్రా నా నిద్ర చెడగొట్టింది? నాతో పోటీకి ఊదు చూద్దాం' అన్నాడు. అసలే తెంగు, అదేం పొగరు! మనవాళ్ళు పొగరెక్కినవాణ్ణి తెంగు అయిపోయాడు అంటారే, వీడు పుట్టుకతోనే తెంగు, ఇక చెప్పాలా? ముందు వాడూదాడు. కొండ మీది చెస్ట్‌నట్ కాయలన్నీ ఒక్కసారి రాలాయి, అదీ తొక్కలు ఒలుచుకుని మరీ రాలాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు ఏరుకు తిన్నావు," అన్నాడు బాన్‌కిచి.

"నేను ఊపిరి పీల్చాను. ఇంకా ఊదలేదు, పీల్చానంతే. రెండు మబ్బులూ ఒక కాకీ లోపలికి పోయాయి. కాకిని తర్వాత వదిలేశాన్లే. ఒషిగె, ఒకరోజు పొగంతా మాయమై మీ అమ్మ పొయ్యి ఆరిపోయిందని చెప్పుకునేది కాదూ?"

"మా అమ్మ పొయ్యి రోజూ ఆరిపోయేది బాబాయ్."

"అందులో ఒక రోజు నా వల్లే! ఇక ఊదాను చూడు. పడమటి సముద్రం వెనక్కి జరిగింది, జాలర్లు చేపలను చీపురుతో ఊడ్చుకున్నారు, తెంగు మూరెడు ముక్కు ఊదుకి లోపలికి పోయి, పోయి, తల వెనక నుంచి బయటికొచ్చింది! అప్పట్నుంచీ వాడు ఏదైనా వాసన చూడాలంటే వెనక్కి తిరగాలి. నా కాళ్ళ మీద పడ్డాడు, 'గురువుగారూ' అన్నాడు, ఆ తర్వాత ఏమైందో..."

అంతవరకూ కళ్ళు మూసుకుని ఉన్న తెస్షిన్ తాత భుజం మీది తాడు తీసి, శంఖం గొంజురో ముందు పెట్టాడు.

"తీసుకో. ఎవరూ తీసుకోవడం లేదు, నువ్వు అడిగావు. ఒకటే నియమం. ఇది చేతిలోకి వచ్చిన క్షణం నుంచి మళ్ళీ కొండ దిగేదాకా నోట్లోంచి మాట రాకూడదు. ఊపిరంతా దీనిదే. ఊదడం దార్లో నేను నేర్పుతాను."

గొంజురో శంఖం అందుకున్నాడు. అతను జన్మలో శంఖం పట్టుకోలేదు. అనుకున్నదానికంటే బరువుగా, నీళ్ళ కడవలా చల్లగా ఉంది. నోరు గట్టిగా మూసుకుని తల వంచాడు. తాత లేచి తాడు అతని భుజానికి కట్టసాగాడు.

బాన్‌కిచికి ఆ మౌనం భరించరానిదైంది. "అయితే మిగిలిన కథ నేను చెప్తాను. తెంగు వీణ్ణి ఒక్క తన్ను తన్నాడు. వీడు దొర్లుకుంటూ వచ్చి ముల్లంగి మడిలో పడ్డాడు."

గొంజురో చెవులు ఎర్రబడ్డాయి. పెదవి కదల్లేదు.

"ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాడు."

గొంజురో కళ్ళు మూసుకున్నాడు. శంఖాన్ని గుండెకు హత్తుకున్నాడు. ఒషిగెకు జాలేసి, "ఊరుకో బాన్‌కిచి అన్నయ్యా," అంది. తాత చివరి ముడి వేస్తున్నాడు.

"ఇంకో మాట," అన్నాడు బాన్‌కిచి. "అది పంది కాదు. కుందేలు."

"కుందేలా!" గొంజురో ఎగిరి లేచాడు. "కుందేలుకి గడ్డి కోటు ఎక్కడన్నా పడుతుందిరా? చెవులెక్కడ పెట్టుకుంటుంది? గుర్రమంత పందిరా అది, నా కళ్ళతో..."

అప్పుడు తెలిసొచ్చింది అతనికి. అరుగంతా విరగబడి నవ్వుతోంది. గొంజురో కాసేపు శంఖం వైపు చూశాడు. తర్వాత తనే ముడి విప్పి, రెండు చేతులతో తాతకు తిరిగిచ్చి కూచున్నాడు. ఒషిగె వేడి టీ పోసి, పక్కన రెండు పిండి ఉండలు పెట్టింది. వాటిని అతను ముట్టుకోలేదు.

తెస్షిన్ తాత మాత్రం నవ్వలేదు. శంఖం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏదో ఆలోచించాడు.

"ఒరే గొంజురో," అన్నాడు చివరికి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "ఆ తెంగుకి జలుబు చేసిందనుకో. ముక్కు వెనకుందాయె. చీదుకోవడానికి చెయ్యి అందుతుందా?"

గొంజురో నోరు తెరిచాడు. చేత్తో తల వెనక తడిమి చూసుకున్నాడు. మళ్ళీ నోరు తెరిచాడు. మాట రాలేదు.

బాన్‌కిచి తాత భుజం పట్టి కుదిపాడు.

"తాతా, మాట్లాడట్లేదు! ఇచ్చెయ్, ఇచ్చెయ్, త్వరగా శంఖం ఇచ్చెయ్!"