తన పేరుతో మొదటి చీటీ

కెంటకీ కొండల్లోని చిన్న క్లినిక్ అది. సొంతంగా మందులు రాసే అధికారం ఆ ఉదయమే చేతికొచ్చిన నర్సు, బయటి నుంచి పరుగెత్తుకొచ్చి, కంప్యూటర్లో మందుల చీటీ మార్చి రాసి, తనకు పాఠాలు చెప్పిన పెద్ద నర్సు ముందు రొప్పుతూ నిలబడింది.

“మేడమ్, మొదట రాసిన చీటీ పంపలేదు! ఆఖరి క్షణంలో ఆపేశాను!”

“ముందు ఊపిరి పీల్చుకో. ఇందాక వచ్చిన ఓపల్ గారికి మూత్రంలో ఇన్ఫెక్షనేగా? సల్ఫా మాత్రలు రాస్తానన్నావు.”

“రాశాను కూడా. మందుల షాపుకి పంపబోతుంటే ఆవిడ చేతుల మీద కమిలిన మచ్చలు గుర్తొచ్చాయి.”

“కోళ్లగూడు గీసుకుందని చెప్పిందిగా?”

“రెండు చేతులకీనా? వెళ్లిపోతున్న ఆవిడ ట్రక్కు ఆపి, హ్యాండ్‌బ్యాగు తెరిపించాను. రక్తం పలచబరిచే మాత్రలు! వేరే ఊరి డాక్టరిచ్చాడట.”

“మందులేవీ వాడనందే!”

“అదే అడిగాను. ‘ఇది మందేంటే పిల్లా, గుండె బిళ్ల!’ అని నన్నే కసిరింది.”

పెద్దావిడ పకపకా నవ్వింది.

“సరే, రెండూ కలిస్తే?”

“రక్తం ఆగకుండా కారొచ్చు. అందుకే సల్ఫా కొట్టేశాను. కిడ్నీ రిపోర్టు చూసి వేరే మందు రాశాను. రక్తపరీక్షకి శుక్రవారం రమ్మన్నాను. తప్పుంటే చెప్పండి.”

పెద్దావిడ తెర మీద ప్రతి అక్షరం చదివింది.

“తప్పేం లేదు. ఆ మచ్చలు నేనూ చూశానమ్మాయ్. నువ్వు బటన్ నొక్కబోతే చెయ్యి పట్టుకుందామని నీ వెనకే నిలబడ్డాను. నన్ను తోసేసి మరీ పరుగెత్తావు!”

“అయ్యో, మీరా అది?”

“నేనే. ఇక పంపు.”

“భయమేస్తోంది మేడమ్.”

“వెయ్యనీ. చీటీలు రాయబట్టి ఇరవై ఏళ్లయింది, నాకింకా వేస్తుంది.”

కొత్త నర్సు బటన్ నొక్కింది.