భుజం దగ్గర కుట్టు లేని కోటు

ముందు ఆ కోడిగంప మీంచి నా కోటు తీయండి పిల్లలూ. తర్వాత మాట్లాడుకుందాం.

నవ్వకు తోంగ్‌తోంగ్! ఫోను కాస్త పక్కకి తిరిగితే నాకు కనబడింది. అమ్మమ్మ కప్పిందా? "గాలాడుతుంది, కోళ్లకి హాయిగా ఉంటుంది" అందా? అంటుంది, ఎందుకు అనదూ! పోనీ, మెచ్చుకుందనే అనుకుంటాను. కొత్త సంవత్సరానికి మీ అక్క కోసం కుట్టి పంపిన కోటురా అది.

లింగ్‌సీ, నువ్విలా రా. వెలుగులో కూర్చో. జలుబు తగ్గిందా? తగ్గితే ఆ గొంతేమిటి మరి? కూరలో మిరపకాయలు పక్కకి తీసి తిను, అమ్మమ్మ ఏమీ అనుకోదు. రాత్రిళ్లు కిటికీ మూస్తున్నావా? సరే, సరే. మాట తప్పించడం లేదు.

పొద్దున నువ్వు పంపిన ఫొటో చూశాను. 'దెల్సోరి' అని ఏదో విదేశీ పేరున్న కోటు. మీ క్లాసమ్మాయికి వాళ్ల పిన్ని కొనిపెట్టిందన్నావు. "అమ్మా, నాకూ ఇలాంటిది కావాలి. నువ్వు కుట్టేవి ముసలమ్మల బట్టల్లా ఉంటాయి" అని రాశావు. చదివే ఇలా ఫోను చేశాను. కోపం కాదమ్మా. కోపమే అయితే బాగుండేది.

ఇవాళ ఇక్కడ షున్‌దేలో వాన. ఎండ లేందే మా పట్టు ఆరదు కదా, మా కార్ఖానాలో పనంతా ఆగిపోయింది. అందరూ మాజాంగ్ ఆడుతున్నారు, ఆ పలకల చప్పుడే నీకు వినిపిస్తోంది. ఈ కథ మీ ఇద్దరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెబుతాను, వినండి.

ఆ దెల్సోరి కోటు నేను కుట్టిందే.

ఏం, అలా చూస్తావేం? మీ తమ్ముడైతే నోరు తెరిచాడు. మూసుకోరా, ఈగలు దూరతాయి.

చెప్తా. ఇక్కడి పట్టు సంగతి మీకు తెలీదు. తెల్లటి పట్టుని ఒక రకం ఎర్రదుంప రసంలో ముంచి గడ్డి మీద ఎండబెడతారు. మళ్లీ ముంచుతారు, మళ్లీ ఎండ. చివర్న ఏటి బురద పూస్తారు. కడిగితే ఒక వైపు నల్లగా నిగనిగ, వెనక వైపు ఇటుక రంగు. అందరూ నలుపే పైకి పెట్టి కుడతారు. నేను తిరగేశాను. ఇటుక రంగు పైకి, నలుపు లోపలికి. నడిచినప్పుడు మాత్రం అంచు ఎగిరి నలుపు కనబడాలి. దొంగచాటుగా. చిన్న సరదా నాది.

మరి కత్తిరింపో? అది మీ అమ్మమ్మది. అవును, కోళ్లకి కప్పిన అమ్మమ్మదే! నా చిన్నప్పుడు గుడ్డని మంచం మీద పరిచి, మడిచి, చెయ్యీ ఒళ్లూ ఒకే ముక్కగా కత్తిరించేది. భుజం దగ్గర కుట్టే ఉండదు. డిజైన్ కాలేజీలో మాకు పారిస్ పుస్తకాలు పెట్టి, భుజం కొలవండి, చెయ్యి విడిగా అతకండి అని నేర్పారు. బాగానే నేర్చుకున్నాను. కానీ అలా కుట్టిన ప్రతిదీ ఎవరి చొక్కానో అరువు తెచ్చి తొడుక్కున్నట్టుండేది నాకు. మనవాళ్లు ఒంటికి సరిపడా గుడ్డని నరకరమ్మా. వదిలేస్తారు. ఎక్కడ పడాలో అక్కడ అదే పడుతుంది.

అది కుట్టాక అనుకున్నాను, దొరికిందిరా బాబూ, ఇది మనది అని. ఈ కాలందీ, మనదీ. మెడ దగ్గర నా పేరు కుట్టుకున్నాను. లియావ్ పెయ్‌జెన్. ఎర్రదారంతో. ఎంత మురిసిపోయానో!

గ్వాంగ్‌జౌలో బట్టల ప్రదర్శనలో పెట్టాను. ఒక విదేశీ ఆవిడ వచ్చి అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది, "చాలా బాగుంది, కానీ ఇందులో చైనా ఎక్కడుంది?" అని. వెన్ను మీద ఒక డ్రాగన్ ఉంటే తీసుకుంటానంది.

తర్వాత షాంఘై నుంచి బట్టల కొట్లవాళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. చూడగానే కళ్లు మెరిశాయి. "జపాన్ వాళ్లదా?" అన్నారు. కాదండీ, షున్‌దే, ఇక్కడే, అన్నాను. "ఓ" అన్నారు. అంతే, కోటు వదిలేశారు. వేడి గిన్నె వదిలినట్టు. వెళ్తూ ఒకమ్మాయి జాలిగా అంది, "జపాన్‌దైతే ఎంత బాగుండేది అక్కా!"

విన్నారా? నాదనుకున్నది పొరుగువాడిదట. డ్రాగన్ పెడితే మనదట! మనం ఎలా ఉంటామో మనకే తెలీదు, అద్దం కూడా అద్దెకి తెచ్చుకుంటాం.

పెట్టానే డ్రాగన్. పెట్టలేదని ఎలా చెప్పను? బంగారు జరీతో, కళ్లు ఇంతింత. అవి అమ్ముడయ్యాయి. ఒక హోటలువాళ్లు గుమ్మంలో నిలబడే మనుషులకి తొడిగారు.

నా పేరున్న కోట్లు మాత్రం అట్టపెట్టెల్లో ఉండిపోయాయి. అప్పుడు వచ్చాడు మేనేజర్ ఔయాంగ్. దుస్తుల కంపెనీవాడు. చెడ్డవాడు కాదు, నవ్వుతూ మాట్లాడతాడు. కోటు తొడుక్కుని చూసుకుని, "అక్కా, జబ్బు కోటుకి కాదు, చిరునామాకి" అన్నాడు. దెల్సోరి అనే మనిషి లేడు. ఆ ఊరూ లేదు. చెవికి ఇటలీలా వినబడుతుందని ఆయనే టీ తాగుతూ కట్టిన పేరు. మా దగ్గర కుట్టే అమ్మాయిలు కూర్చుని నా ఎర్రదారం విప్పి, ఆ పేరున్న గుడ్డముక్క కుట్టారు. నేనూ కుట్టాను, ఊరుకోలేదు. అవే కోట్లు. అవే పెట్టెలు. వాన వాసన కూడా పోలేదు. నెల తిరక్కుండా దుకాణాల్లో ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు మేం కుట్టేవన్నీ ఆ పేరుతోనే.

ఏమిటీ? నీకు పంపినదానికి ఆ ముక్క ఎందుకు లేదనా?

అది నీకు కుట్టింది కాబట్టి! లోకంలో ఒక్కరైనా దాన్ని మా అమ్మ కుట్టిందని తొడుక్కోవాలని. ఆ ఒక్కరూ నువ్వని. పిచ్చి ఆశ, అంతే. మెడ లోపల చూడు, ఎర్రదారం ఉంటుంది. ఉందా? కోడి రెట్ట పడిందా... తడిగుడ్డతో అద్దు, గట్టిగా రుద్దకు. ఇంకోటి, భుజం తడిమి చూడు. కుట్టు లేదు కదూ? మీ ఫ్రెండు కోటుకీ ఉండదు, రేపు బడిలో చూడు.

నమ్ముతున్నావా? హమ్మయ్య. నా బంగారు తల్లి.

...ఏమన్నావు? మళ్లీ చెప్పు, వానకి వినబళ్లేదు.

ఆ ముక్క ఒకటి తెచ్చి, నీ కోటుకీ కుట్టమంటావా?

...

లేదమ్మా. ఏడవడం లేదు. ఇక్కడ ఆవిరి ఇస్త్రీ పెట్టెలుంటాయి, కళ్లు మండుతాయి. నిన్నెందుకు తిడతాను? నీకు పదమూడేళ్లు. బడిలో నలుగురూ నవ్వితే ఎంత కష్టమో నాకు తెలుసు. ఔయాంగ్ అంతటివాడు చెప్పిన మాటే నువ్వూ చెప్పావు.

తెస్తాలే. నా జేబులోనే ఉంటాయి అవి, ఎప్పుడూ. వసంతంలో సెలవు దొరికితే వచ్చి నేనే కుడతాను. ఎర్రదారం విప్పనులే, దాని మీదే కుడతాను. ఎవరికీ కనబడదు.

ఒక్కటి మాత్రం చెయ్యండి ఇద్దరూ. తోంగ్‌తోంగ్, నువ్వూ విను. రేపు మీకూ పిల్లలు పుడతారు, వాళ్లకి ఏ దేశం పేరున్న కోటో కొనిపెడతారు. కొనండి, నేను వద్దనను. తొడిగేటప్పుడు మాత్రం ఒకసారి భుజం తడిమి చూడమనండి. కుట్టు తగలకపోతే, ఇది మనవాళ్ల కత్తిరింపు అని చెప్పండి. నా పేరు చెప్పకపోయినా పర్లేదు.

సరే, వాన తగ్గేట్టుంది, పిలుస్తున్నారు. కిటికీ మూసి పడుకో లింగ్‌సీ. ఆ కోటు... పోనీలే, ఇవాళ్టికి మళ్లీ గంప మీదే కప్పు. అక్కడ చలి ఎక్కువ కదా, కోళ్లకి.