నంబరు అడిగిన ప్రతిచోటా

హలో… ఆ, నేనేనక్కా. ఒక్క క్షణం, తలుపు దగ్గరికేసొస్తా…

ఆ, ఇప్పుడు చెప్పు… లేదు, ఏడవట్లేదు. జలుబూ కాదు. రోత. ఒళ్ళంతా రోతగా ఉంది.

పాపా? బానే ఉంది, పడుకుంది. పళ్ళొస్తున్నాయిగా, నుదురు కాస్త వెచ్చగా… జ్వరమంటావా? థర్మామీటరు పెట్టాను. రెండుసార్లు పెట్టాను… సరే సరే, ఇంక పెట్టనులే.

నువ్వు చెప్పిన ఖర్చుల ఆప్ గురించే చేశాను.

ఏదంటావేంటి, మూడోది! మొదటిది ఆ రోజే తీసేశానుగా. తెరవగానే మీ నెల జీతం ఎంత అంది. నాకు జీతమేంటక్కా? సున్నా కొట్టాను. సున్నా కుదరదంట. సరైన అంకె వెయ్యమంది. సరైనదే వేశానే తల్లీ అని దానికెలా చెప్పను?…

నవ్వకు.

రెండోది ఇంకా చండాలం. అందులో ఓ పందిపిల్ల… బొమ్మేలే. డైపర్లు కొన్నానని రాస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. పాపని డాక్టరుకి చూపించి, వచ్చి అది రాస్తే — ‘పోయిన నెలకంటే ఎక్కువైంది, ఈ అలవాటు తగ్గించుకోండి’ అంది. అలవాటంట! ఆ మొహం మళ్ళీ చూడలేక అప్పుడే తీసిపారేశాను.

మూడోదే బాగుందక్కా. అబద్ధమెందుకు. తెలుగులో ఉంది, ఏడవదు, జీతం అడగదు. ఇంట్లోవాళ్ళందరూ కలిసి వాడితే ఊరికే ఇస్తామంది. సరే, ఊరికేగా అని…

అదే చెప్తున్నా, విను. ‘లక్ష్యం పెట్టుకోండి’ అని ఓ పేజీ ఉంది. బొమ్మలున్నాయి. ఇల్లు, కారు, ఉంగరం, సముద్రం ఒడ్డున కుర్చీ. పుస్తకం బొమ్మ మాత్రం లేదు. అందుకని నేనే టైపు చేశాను. ‘నా పదో తరగతి’ అని… ఊఁ. పరీక్ష ఫీజు అని రాయలేదు. ‘నా పదో తరగతి’ అనే రాశాను. రాసి కాసేపు దాన్నే చూస్తూ కూచున్నా, పిచ్చిదానిలా.

బొత్తాలు కుట్టిన డబ్బులు నీకిచ్చినప్పుడల్లా ‘అక్క దగ్గర’ అని అందులో ఎక్కించేదాన్ని… ఆ, టైలరు ఇచ్చే షర్టులే. పాప నిద్రపోయినప్పుడు కుట్టేవి. ఎక్కించినప్పుడల్లా ఓ పచ్చ గీత కొంచెం కొంచెంగా నిండేది.

నిన్నటితో నిండిపోయింది. ఫోన్లో కాగితప్పూలు రాలాయి. నేనిక్కడ ముసిముసిగా నవ్వుకుంటున్నానా… అక్కడ టైర్ల షాపులో మా ఆయన ఫోను మోగింది. ‘మీ ఇంట్లో ఒకరు లక్ష్యం చేరుకున్నారు, అభినందించండి’ అని.

అవునక్కా. మొత్తం కనిపించింది. షాపులో అందరికీ చదివి వినిపించాడంట.

ఎలా అంటే… చెప్తే తిడతావు.

మొదట్లో నంబరు అడిగింది. ఆయన నంబరు కొట్టాను.

తిట్టు, తిట్టు… ఆసుపత్రిలో అడిగినా అదే చెప్తాను. పాప టీకాల కార్డు మీదా అదే. గ్యాసువాడికీ అదే. నంబరు అనగానే నా నోట్లోంచి ఆయనదే ఊడిపడుతుంది. వచ్చిన కోడ్ కూడా ఆయన్నే అడిగి వేశాను. ‘ఏంటిది?’ అంటే ఖర్చులు రాసుకోడానికన్నాను. ‘రాసుకో, రాసుకో, సబ్బులెన్ని అరగదీస్తున్నావో నాకూ తెలుస్తుంది’ అన్నాడు. అందులో ‘ఇంటి పెద్ద’ అని ఆయన ఫోటో ఉంటుందక్కా. ఇన్నాళ్ళూ రోజూ చూస్తున్నా. చూసి కూడా నాకు తట్టలేదు.

సాయంత్రం వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా ‘పంతులమ్మగారూ, టీ ఇప్పించగలరా?’ అన్నాడు. అత్తయ్యేమో ‘తల్లికీ పిల్లకీ ఒకే పలక సరిపోతుందిలే’ అన్నారు. పోనీలే, నవ్వితే నవ్వారు. నా ఒళ్ళేం అరిగిపోదు.

పొద్దున తెరిచి చూస్తే… నా పేజీలో మోటారుసైకిలు బొమ్మ.

బండి, బండి! నేను రాసింది చెరిపేసి ‘బండి సైలెన్సరు’ అని పెట్టాడు. గీత మాత్రం అలాగే ఉంది, పచ్చగా, నిండుగా. పైగా అది నాకే చెప్తోంది — ‘మీ కుటుంబానికి శభాష్’ అని. ఛీ! ఫోను ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలనిపిస్తోంది.

అడిగాను. అడక్కుండా ఉంటానా? ‘సరదాకి మార్చానే’ అన్నాడు…

ఏంటి?

నీకెప్పుడు చేశాడు?… పొద్దున్నేనా? డబ్బులు పంపమని నేనే చెప్పానన్నాడా?

అక్కా… పంపేశావా?

నా బొత్తాల డబ్బులన్నీ! పంపేశావా?…

హమ్మయ్య… ఆగు, కూచుంటున్నా. నన్నడిగి పంపుదామని ఆగావా. నీ నోట్లో పంచదార పొయ్య!

సరదా అంట! సరదాకి మార్చినవాడు నీకెందుకు ఫోన్ చేస్తాడు? అదీ నా మాటగా… థూ. మనిషి మీద కూడా ఇంత వెగటు పుడుతుందని నాకు తెలీదక్కా.

లేదు, అరవను. అరిస్తే పాప లేస్తుంది. నువ్వొక పని చెయ్యి. ఫీజు ఇప్పుడే కట్టెయ్. ఆదివారం దాకా వద్దు, సాయంత్రం దాకా కూడా వద్దు. మీ షాపులో బిల్లులు కొట్టే కంప్యూటరుందిగా… ఓనరేడీ?… భోజనానికెళ్ళాడా? అయితే అందులో ఫీజు పేజీ తెరువు.

ఊఁ… పేరు స్కూల్లో ఉన్నట్టే వెయ్యి. పుట్టినతేదీ నీకు తెలుసుగా… చదువెందుకు ఆపారనా? అది కూడా అడుగుతారా?… ‘ఇంటి పని’ అని రాయి. ఆ, అంతే. చాలు.

నంబరా? తొంభై నాలుగు, నలభై — ఆగు! ఆగాగు, కొట్టకు! కొట్టేశావా?… చెరిపెయ్. మొత్తం చెరిపెయ్. చూశావా, ఇంత జరిగాక కూడా ఆయనదే వచ్చింది!

నాది వెయ్యి, నాది… నాకెలా తెలుస్తుంది? నాకు నేనెప్పుడైనా ఫోన్ చేసుకున్నానా? నీ ఫోన్లో చూడు, ‘బుజ్జి’ అని ఉంటుంది… ఆ. మెల్లగా చదువు, నేనూ నీ వెనకే అంటాను.

తొమ్మిది… ఆరు… సున్నా. సున్నా ఉందా? ఇక్కడ కుదురుతుందంటావా?… సరే సరే, చదువు…

ఉండు, ఫోను బుర్రుమంది. కోడ్! అక్కా, నాకే వచ్చింది. నాకే! ఎవర్నీ అడగక్కర్లేదు. వేసుకో, చెప్తున్నా — మూడు, ఎనిమిది, ఎనిమిది, ఒకటి…

కట్టేశావా?… రసీదు వచ్చిందా? నీ దగ్గరే ఉంచు. ఈ ఫోనుకి పంపకు… కాగితప్పూలేమైనా రాలాయా? రాలకపోవడమే మంచిదిలే.

ఆప్ తీసేస్తున్నా, చూడు… ఛీ ఛీ, ‘ఇంటి పెద్ద అనుమతి కావాలి’ అంటోంది! ఉండనీ. ఆ పచ్చ గీత పెట్టి సైలెన్సరు కొనుక్కోమను.

నాలుగోదా? చూద్దాంలే… కుటుంబం ఊసెత్తనిదైతే చెప్పు. జీతం అడగకూడదు. పంది ఉండకూడదు.

అదిగో, బండి. ఆ చప్పుడు వీధి మొదట్లోంచే తెలిసిపోతుంది… లేదు, భయమేం లేదు. ఉంది కొంచెం. అడిగితే కట్టేశానని చెప్తాను, అంతే… పాప కూడా లేచింది. వస్తున్నానమ్మా, వస్తున్నా!

అక్కా, నా నంబర్లో ఆ ఆఖరి నాలుగు అంకెలూ ఇంకోసారి చెప్పు… ఊఁ… ఊఁ…

నోటికొచ్చేసింది. పెట్టేస్తున్నా.