పదకొండో ఆటగాడు

శృంగవరపుకోటలో ఓ ఆదివారం మధ్యాహ్నం, పెళ్లై నెల తిరగని ఆ జంట ఒకే ఫోనులోకి తలలు వంచి కూర్చుంది. జట్టును ఎంచి, బ్యాటింగు వరస చెప్పేస్తే మ్యాచ్ దానంతటదే సాగిపోయే క్రికెట్ ఆట అది. ఫైనల్లో ఆమె మీదికి వచ్చిన జట్టు సొంత అన్నయ్యది.

“తొమ్మిది వికెట్లు పోయాయి. ఆఖరి ఓవర్లో పద్దెనిమిది కావాలి. ఇంక ఫోను పక్కనెట్టీయే.”

“ఓడిపోతే అన్నయ్య దసరా దాకా ఏడిపిస్తాడు బావా. ఉండు, పదకొండో వాడు దిగుతన్నాడు.”

“ఆడికి నా పేరెట్టావేటే?”

“మరి నీకు బ్యాటింగు వచ్చా ఏటి?”

“ఓపెనర్‌కి ఎట్టొచ్చు కదా!”

“నువ్వు మొదట్లోనే అవుటైపోతే నేను సూడలేను.”

“అబ్బో! సూడు సూడు, ఫోరు!”

“మళ్లీ ఫోరు బావా!”

“అయ్యో, రెండు బంతులు ఒట్టినే పోయాయి.”

“ఇదిగో, ఇంకో ఫోరు!”

“ఇదే ఆఖరి బంతి. సిక్స్ కొట్టాలి.”

“కొట్టు, కొట్టు... చంద్రమౌళీ!”

బంతి ప్రేక్షకుల్లో పడింది. తెర నిండా కప్పు మెరిసింది. అన్నయ్యను ఓడించిన సంబరంలో మంచం మీద గెంతిన ఆమె అంతలోనే గబుక్కున నోరు మూసుకుంది. ఆ ఇంట్లో మొగుడి పేరు ఏ ఆడదీ పైకి అనదు.

“అమ్మో! వంటింట్లో అత్తయ్యకి వినిపించీసిందేటి?”

“అమ్మకేటి, వీధి సివర కొట్టు దాకా వినిపించింది.”

“ఇప్పుడేటి సెయ్యాలి బావా?”

“ఇంకోపాలి పిలు.”