కర్ఫ్యూలో పిడికెడు బియ్యం

(1969. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. సడలించిన కర్ఫ్యూ దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్ళీ బిగిసిన మధ్యాహ్నం. నగరం ప్రశాంతంగా ఉందని రేడియో చెప్పింది. అన్నమ్మకు మాత్రం, ఈ జన్మలో మొహం చూడకూడదనుకున్న పాస్టరుగారి భార్య సుమిత్రమ్మ ఎదురుగా తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది.)

"...కూసోండ్రి అంటే కూసోరు, పోండ్రి అంటే పోరు. ఏంది అమ్మగారూ మీ కథ?"

"ఎలా పోనమ్మా అన్నమ్మా? మూసారాంబాగ్ వంతెన దాకా పోలీసులే. బయట కాలు పెడితే లాఠీ."

"ఒచ్చేటప్పుడు లాఠీలు పండుకున్నయా?"

"అప్పుడు కర్ఫ్యూ లేదు కదా. బియ్యం కోసం కిరాణా కొట్టుకెళ్ళాను."

"పోతే?"

"నోరు తెరిచానమ్మా."

"తెరిస్తే?"

"'బియ్యం ఇవ్వండి బాబూ' అన్నాను. అంతే. కొట్టువాడు నా మొహం చూశాడు. పక్కనున్న కుర్రాళ్ళ మొహం చూశాడు. బియ్యం అయిపోయాయన్నాడు. బస్తా మీద కూర్చునే చెప్పాడు."

"'జర బియ్యమియ్యి' అంటే ఇస్తుండె. ఇన్నేండ్ల సంది ఈడ ఉంటున్నరు, జర అనుడు నేర్వకపోతిరి."

"వదినె, మనిషిని నిలవెట్టి గీ పంచాయితి ఏంది? అమ్మా, గీ పీట మీద కూసో. నీళ్ళు తాగుతవా?"

"లచ్చమ్మొదినె, ఈమె ఎవలో నీకు తెల్వదు."

"ఎందుకు తెల్వదు? మా కోడలు సచ్చిపోతే గంట కొట్టనియ్యని అయ్యగారి పెండ్లాం. నీళ్ళకు దానికి ఏం సంబంధం?"

"ఆమెకు నువ్వు నీళ్ళిస్తవా?"

"మరి ఇయ్యనా? ఇంట్ల ఉన్నయి గదా. మెల్లగ మాట్లాడు, పొల్ల పండుకున్నది."

"ఆ ఉయ్యాల్లో... సాయమ్మ కూతురేనా?"

"ఆఁ. పేరు అండాలు. నా బిడ్డ పోయినంక దీన్ని సాదుడానికే నేను వియ్యపురాలింట్ల ఒచ్చి పడ్డ. అల్లుడు గోపయ్య డూటీకి పోయి ఆడనే చిక్కుకున్నడు. ఇగ చెప్పుండ్రి, ఇన్ని ఇండ్లుండంగ మా ఇల్లే ఎట్ల దొరికింది మీకు?"

"సంఘంలో అందరి తలుపులూ తట్టానమ్మా. ఎవరూ ఇంట్లో లేరట."

"కర్ఫ్యూల ఇంట్ల లేక ఏడికి పోయిండ్రు? లేరని ఎవలు చెప్పిండ్రు?"

"వాళ్ళే. లోపల్నుంచి."

"నవ్వకు లచ్చమ్మొదినె."

"నేనేడ నవ్విన? నవ్వింది నువ్వు."

"నాకు నవ్వు ఒస్తలేదు. అయ్యగారేరి అమ్మగారూ?"

"ఆయనా? ఆయన... బెజవాడ వెళ్ళారు."

"బస్సులు లేవు గదా."

"ముందే వెళ్ళారు. మీటింగులున్నాయి."

"గీ లొల్లిల మీటింగులా? బెజవాడ తొవ్వకు బండలు అడ్డం పెట్టిండ్రట, ఎడ్లబండి గూడ పోతలేదట. అయ్యగారు రెక్కలు కట్టుకొని పోయిండ్రా?"

"మీ పెరటి తలుపు వేసే ఉంటుందా అన్నమ్మా?"

"ఎందుకు?"

"ఊరికే. అడిగాను."

"ఒచ్చినకాంచి ఆ తలుపు దిక్కే సూస్తున్నరు."

"గాలి కోసం. కిటికీలన్నీ మూసేశారు కదా, ఉక్కగా ఉంది."

"తెరిస్తే పొగ ఒస్తది. ఏదో బస్సు తగలవడ్డదట. ఇంట్ల ఉంటే ఉక్క, బయటికి పోతే లాఠీ, నడుమ మీరు. మా బతుకు ఇయ్యాల మస్తుగున్నది."

"అన్నమ్మా, ఎక్కువ అడగను. కొంచెం బియ్యం... మీరు పిడికెడు బియ్యం తీసి పెడతారు కదా. ఆ బియ్యమైనా ఉంటే..."

"ఆ మాట అడగబుద్ది ఎట్లయింది మీకు? ఎసరు పెట్టినప్పుడల్ల దేవుని పేరు మీద పిడికెడు తీసి మట్టి గురిగిల ఏసుడు మా అవ్వ నాకు నేర్పింది, నేను నా బిడ్డకు నేర్పిన. నిండితే మీ ఇంటికే ఒచ్చేది. నా బిడ్డను మన్నుల పెట్టిన దినమే ఆ గురిగిని బోర్లేసిన. ఆయనకు నాకు మాటలు బంద్."

"దేవుడితోనా?"

"మరి అయ్యగారితోననుకున్నరా? అయ్యగారితోని మాటలు నాకెప్పుడున్నయి? ఆయన చెప్పుడు, మేం తలకాయ ఊపుడు."

"ఆ రోజు జరిగింది తప్పే అన్నమ్మా."

"ఏది తప్పు? 'సంఘానికి బయట పెండ్లి చేసుకున్నది, సమాధుల దొడ్డిల చోటు లేదు' అన్నడు. సరే. దొడ్డి ఆయనది, తాళంచెవి ఆయన మొలకుంటది. ఇంకో మాట గూడ అన్నడు. యాదికున్నదా?"

"వద్దు అన్నమ్మా."

"కాన్పుల సచ్చిన పిల్లను పట్టుకొని, 'పరలోకంల గూడ చోటు లేదు' అన్నడు. ఆ తాళంచెవి గూడ ఆయన మొలకే ఉన్నదా?"

"నేను కిటికీ వెనకే ఉన్నాను ఆ రోజు. వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఆపుదామనుకున్నాను."

"మరి?"

"అనుకున్నాను. అంతే."

"మంచి పరదాలుండె లేండ్రి మీ కిటికీకి."

"జర ఊకో వదినె. ఆమె ఏడుస్తున్నది."

"ఏడ్వనీ. నాకు ఏడుపు గూడ సక్కగ ఒస్తలేదు. అమ్మగారూ, అప్పటిసంది కండ్లు మూసుకుంటే నాకేమనిపిస్తదో తెలుసా? నా బిడ్డ మీ దేవుని కాడ లేదు, వీళ్ళ దేవుండ్ల కాడ లేదు. ఆఖరు బస్సు తప్పిపోయినట్టు ఏడనో ఒక్కతే నిలవడ్డది. ఇగ కండ్లు మూసుకొని ఏం ప్రార్థన చెయ్యమంటరు?"

"ఏడనో ఎందుకుంటది వదినె? అల్మాస్‌గూడల మా చెల్క భూమిల ఉన్నది. నేనే మన్నేసిన."

"అది బొంద లచ్చమ్మొదినె. నేను బిడ్డనడుగుతున్న. ఇగ పోండ్రి అమ్మగారూ. ఓ, పోరాదు గదా. కూసోండ్రి. మీరు పోలేరు, నేను పొమ్మనలేను. దేవుని బియ్యం మాత్రం ఈ ఇంట్ల లేవు."

"వదినె, ఓ మాట చెప్త. కోపం చెయ్యొద్దు."

"కోపమొచ్చేదే అయితది. చెప్పు."

"చెప్పుడెందుకు, సూడు."

"ఇదేంది?"

"బియ్యం."

"నాకు కండ్లున్నయి. గురిగి నేను బోర్లేసిన గదా."

"నువ్వు బోర్లేసినవు. తెల్లారి నేను మల్ల నిలవెట్టిన."

"నన్ను అడగకుండ?"

"అడిగితే వద్దంటవు. అందుకే అడగలే."

"నా బిడ్డకు చోటు లేదన్న గుడికి నువ్వు బియ్యం తీసి పెట్టినవా? మైసమ్మకు మొక్కేదానివి, నీకెందుకే ఇది?"

"గుడికెందుకు పెడ్త? కాన్పు దగ్గరవడ్డప్పుడు సాయమ్మకు వంగరాకపాయె. 'అత్తమ్మా, నేను మంచంల నుంచి లేచేదాంక ఆ పిడికెడు జర నువ్వు తియ్యవా' అన్నది. సరే బిడ్డా అన్న. అది లేవకపాయె. ఆపుమని నాకు ఇంకెవలు చెప్తరు? కోపమొచ్చిందా వదినె?"

"ఇన్ని బియ్యం ఏం చేసినవు?"

"నిండినప్పుడల్ల పాలకు పోయినట్టు పోయి, మీ గుడి మెట్ల మీద మూట పెట్టి ఉరికొచ్చేదాన్ని. ఈసారి బందులొచ్చి పోలే. అందుకే గింత మిగిలింది."

"ఆగండి లచ్చమ్మగారూ. ఆ మూట గుడ్డ... పసుపు మరకలున్నదా?"

"పసుపు దంచిన గుడ్డ. ఉతికినా పోలే."

"అయ్యో దేవా! అన్నమ్మా, ఆ మూటని చూపించి ఆయన ప్రసంగం చెప్పారు. 'పేరు చెప్పుకోకుండా కానుక తెచ్చే ఆ విశ్వాసిని చూసి సిగ్గు తెచ్చుకోండి' అని సంఘమంతటినీ తిట్టారు."

"విశ్వాసి అంటే నేనేనా?"

"నువ్వే లచ్చమ్మొదినె. మైసమ్మ కాడికి పోయే తొవ్వల అయ్యగారికి అన్నం పెట్టినవు."

"మెచ్చుకున్నడంటే, మరీ అంత చెడ్డోడేం కాదు."

"ఎసరు పెట్టు పో. ఆమె మొహం సూడు, నిన్నటిసంది తిన్నట్టు లేదు."

"పెడ్త. పిడకలు తెస్త పెరట్లకెల్లి."

"వద్దు! మీరు కూర్చోండి లచ్చమ్మగారూ, నేను తెస్తాను."

"మీరా? అమ్మగారూ, మీరెప్పుడన్న పిడకను ముట్టిండ్రా?"

"వదినె. ఓ వదినె, జర ఇటు రా. తలుపు సందులకెల్లి సూడు, గడ్డివాము ఎనుక ఎవలో కూసున్నరు."

"కుక్కేమో."

"కుక్కలు కండ్లద్దాలు పెట్టుకుంటయా?"

"అమ్మగారూ."

"అన్నమ్మా..."

"బెజవాడ గింత దగ్గరున్నదని నాకు తెల్వకపాయె."

"నీ కాళ్ళు పట్టుకుంటాను. రాత్రి ఇంటి మీద రాళ్ళు పడ్డాయి, కట్టుబట్టలతో వచ్చేశాం. గొంతులో మంచినీళ్ళు కూడా పోసుకోలేదు ఆయన. మీ ఇల్లని తెలిశాక లోపలికి రానన్నారు."

"సిగ్గా?"

"భయం. నీ మొహం చూడాలంటే."

"నా మొహం కన్న పోలీసోళ్ళ మొహం మంచిగున్నదా?"

"ఉష్... జీపు. ఇన్నవా వదినె? మన గల్లీలకే మలిగింది."

"లాఠీల చప్పుడు... అన్నమ్మా, ఆయన కనపడితే ఎవరు నువ్వని కూడా అడగరు. ముందు కొడతారు."

"తెలుసు."

"పెరటి తలుపు తియ్యాల్నా వదినె? ఇల్లు నాదే గని, నువ్వు తియ్యమంటేనే తీస్త. వద్దంటే గడియ గట్టిగేస్త."

"నన్నెందుకు అడుగుతవు?"

"బిడ్డ నీది గన్క."

"అన్నమ్మా, దగ్గరికొచ్చేశారు."

"ఊకోండ్రి, సోచాయిస్తున్న. అయ్యగారు మా గడ్డివాముల సస్తే ఏడ పెట్టాలె? సమాధుల దొడ్డికి తాళం. తాళంచెవి ఆయన మొలకే. మల్ల అదొక పంచాయితి."

"అన్నమ్మా!"

"తియ్యి లచ్చమ్మొదినె. జల్ది. వంగి రమ్మను. అలవాటు లేదు, దర్వాజకు తలకాయ తాకుతది. నెమ్మదని చెప్పు."

(జీపు వెళ్ళిపోయింది. అన్నం ఉడికింది. నెత్తిన గడ్డిపోచలతోనే పాస్టరుగారు గోడ పక్కన నిలబడి ఉన్నారు.)

"అన్నమ్మా, నేను... ఆ రోజు నేను..."

"నెత్తిల గడ్డి తీసుకోండ్రి అయ్యగారూ. కాళ్ళు కడుక్కోండ్రి."

"నేనొక మాట చెప్పాలి."

"ఆకలి మీద ఎవలేం చెప్పినా నేను నమ్మ. తిన్నంక చెప్పుండ్రి. అప్పుడు గూడ చెప్పబుద్దయితే ఇంట."

"అయితే భోజనానికి ప్రార్థన చేసుకుందాం. కృపామయుడవైన మా పరలోకపు తండ్రీ..."

"ఆగుండ్రి. మీరు చెయ్యొద్దు."

"సరే. నువ్వే చెయ్యి అన్నమ్మా."

"నాకు నోరు లేస్తలేదు. బియ్యం ఎవలయో వాళ్ళే చేస్తరు. లచ్చమ్మొదినె, చెయ్యి."

"నేనా? నాకేమొస్తది?"

"ఆవిడ ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు కదా. అన్యురాలు..."

"మీరు నోరు మూసుకోండి. ఇన్నాళ్ళూ మనం తిన్నది ఆవిడ బియ్యమే."

"ఏ బియ్యం సుమిత్రా?"

"తర్వాత చెప్తాను. తల వంచండి."

"వదినె, నేను గూడ కండ్లు మూసుకోవాలెనా? మూసుకుంటే అన్నం ఎవలికి సూపెడుతున్ననో నాకెట్ల తెలుస్తది?"

"నీకెట్లొస్తే గట్ల చెయ్యి."

"తప్పయితే నవ్వొద్దు మల్ల. ఓ యేసయ్యా... నేను లచ్చమ్మను, గోపయ్య అవ్వను. నీకు నేను ఎరుకనో లేదో. అన్నమయింది, పచ్చిపులుసు ఉన్నది. నీ కాడున్న మా సాయమ్మకు ముందుగాల పెట్టు. అది అన్నం కాడ మొహమాటపడ్తది, మల్ల కావాలని అడగది. నువ్వే సూసి ఎయ్యి. అది తిన్నంక మేం తింటం. గంతే. ఇగ ఏమనాలె అమ్మా?"

"ఆమేన్... ఆమేన్ అనాలి లచ్చమ్మగారూ."

"ఆమేన్. అయిపాయె గదా, కానియ్యుండ్రి అయ్యగారూ. సల్లారిపోతది."

"ఆగుండ్రి. అయ్యగారూ, ముద్ద ముట్టకుండ్రి. నా బిడ్డ తింటున్నది."