తోమాసు హాజర్

హలో… ఆ, నేనే. ఏలియానక్కా… ఏలియాను. మన పోస్టాఫీసుల నుంచే మాట్లాడుతున్న…

వినొస్తుందా?… నాకు మంచిగనే వినొస్తుంది. పక్క అర్రల ఉన్నట్టే ఉన్నవు… మీ దవాఖాన మేట్రనమ్మ నీ పక్కకే ఉన్నదా?… పోయిందా? అయితె నయమే.

లేదు… లేదక్కా, ఎవ్వలకేం కాలే. ట్రంకాల్ అనంగనే అందరు గిట్లనే అదిరిపడుతరు… అవ్వ మంచిగనే ఉన్నది. బాపు… ఉన్నడు. పండుకున్నడు.

ఆ, పెట్టె సదిరింది అవ్వ… పెట్టింది, సర్టిఫికెట్లు గూడ పెట్టింది. నీకని జొన్నపిండి మూట కట్టింది. హైదరాబాద్‌ల జొన్నలు దొరుకయా అవ్వా అంటే, దొరికితే దొరుకనియ్యి, గీ రుచి దొరుకుతదా అంటది…

రేపటి బండికే. రేపటి బండికే అనుకున్నం… ఎరికె అక్కా, శనివారం ఆఖరు దినమని నాకెరికె…

అదే చెప్దామని చేసిన.

నేను వస్తలేను.

…

హలో?… ఉన్నవా?…

వస్తలేనన్న. యూనివర్సిటీకి… లేదు, ఎవ్వలు వద్దనలే. బాపా? బాపు వద్దంటడా? చాయ్ హోటల్ కాడ కూసున్నోళ్లందరికి చెప్పిండు. తెలువనోళ్లను గూడ ఆపి చెప్పిండు. ఐతారం నాడు గుడిల పాస్టరయ్య నన్ను ముందలికి పిలిచి, నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిండు. మన సంఘంల నుంచి యూనివర్సిటీకి పోతున్న మొదటి పిలగాడట… అందరు ఆమెన్ అన్నరు. నేను గూడ అన్న. నా గొంతు నాకే వేరేటోని గొంతు లెక్క వినపడ్డది.

కోపం చెయ్యకు… జర చెప్పనియ్యి అక్కా.

ఆగు, ఫోన్ ఈ చేతికి మార్చుకుంట… ఏం లేదు. బొబ్బలు. పట్టుకుంటే మండుతున్నయి… చెమ్మసు పారతోని బొగ్గెత్తితే బొబ్బలు రావా?…

ఆ. బొగ్గే.

సోమారం నుంచి బాయిల దిగుతున్న… బొగ్గుబాయిలనే అక్కా, మనకింకే బాయి ఉన్నది. పొద్దటి షిఫ్టు. ఇప్పుడే పైకొచ్చి, తానం చేసి, ఇటొచ్చిన…

నాకెవలిస్తరు నౌకరి? నాకియ్యలే. బాపు పేరు మీద దిగుతున్న… ఆ, బాపు నంబరు బిళ్ళ పట్టుకోని. కిటికీ కాడ బిళ్ళ ఇస్తె క్లర్కు నంబరు చూసి 'తోమాసు' అంటడు. నేను 'హాజర్' అంట. అంతే…

తల ఎత్తి చూడడు. కొత్తోడు, మొన్నమొన్ననే వచ్చిండు. బాపు మొఖం ఎరుగడు. ఆయనకు ఒక బిళ్ళ కావాలె, ఒక గొంతు కావాలె.

లోపట మాతోని పని చేయించే సర్దార్ సారయ్యకు ఎరికె. ఆయనా బాపూ నిజాం కాలంల ధర్మపురి దిక్కు నుంచి కల్సి నడిచొచ్చినోళ్లు గదా. నన్ను చూసి మొఖం పక్కకు తిప్పుకున్నడు. మల్ల దినం నా చేతులు చూసి, 'మెల్లగ ఎత్తు తోమాసూ' అన్నడు. ఎకసెక్కంగ కాదక్కా. మామూలుగనే అన్నడు.

ఎందుకంటే… ఎట్ల చెప్పాలె. మొన్న ముసలోళ్లను పరీక్ష చేసిండు గదా కంపెనీ డాక్టర్. బాపు పాసయిండని నీకు రాసిన… అవు, నువ్వడిగినవు. గా దగ్గుకు ఎట్ల పాసయిండు అని అడిగినవు. నేను దానికి జవాబియ్యలే. ఇయ్యబుద్ధి కాలే.

పరీక్షకు పోయింది బాపు కాదు. మన పక్కింటి గట్టన్న.

గట్టయ్యనే… చెప్తున్న, ఇను. షిఫ్టు దిగి పైకొచ్చెటోళ్లను బాయి మీద అట్లనే వరుసల నిలబెట్టిండ్రు. మొఖాలు గూడ కడుగుకోనియ్యలే. పైకొచ్చినప్పుడు ఎట్లుంటరో నీకెరికె గదా, పెండ్లాలు గూడ గుర్తు పట్టరు. బాపు తన బిళ్ళ గట్టన్న చేతుల పెట్టిండు. గట్టన్న నడుము జర వంచి, పోయి నిలబడ్డడు. డాక్టర్ గొట్టం పెట్టి ఇని, 'ఈ వయసుల గీ ఛాతి ఏందయ్యా తోమాసూ, ఏం తింటున్నవు?' అన్నడట. గట్టన్న 'సర్వపిండి దొరా' అన్నడట.

నవ్వు… నేను గూడ నవ్విన. ఐతారం సాయంత్రం గట్టన్న కల్లు తాగొచ్చి, నా భుజం మీద చెయ్యేసి చెప్పిండు. 'మీ బాపుకు నా ఛాతి ఇచ్చిన తమ్మీ, నువ్వు బేఫికర్‌గ చదువుకో' అన్నడు. కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన. ఇంట్లకొచ్చిన. బాపు దగ్గుతుండు. రోజూ ఇనే దగ్గే… రోజూ ఇన్నననే అనుకున్న. ఇనలే.

ఎందుకు చేసిండంటే… అన్‌ఫిట్ అంటే ఇంటికి తోలుతరు. ఆయన జాగల కొడుకును పెట్టుకుంటరు. అందరికి గది వరం, బాపుకు గదే భయం. తను కూసుంటే నన్ను దింపుతరని. నేను చదువాల్నంటే తను దిగుకుంటనే ఉండాలె. ఎవ్వలకు చెప్పలే. అవ్వకు గూడ చెప్పలే.

డాక్టర్‌కు నిజం చెప్పుమంటవా?… చెప్తే ముందుగాల గట్టన్న నౌకరి పోతది. చిన్నచిన్న పిల్లలు. బాపు మీద ప్రేమా పావురంతోని చేసిండు ఆయన, పైస అడుగలే.

సోమారం పొద్దుగాల బాపు లేవలే. జరం, ఊపిరాడని దమ్ము. 'బిళ్ళ చూపిచ్చి, నేనియ్యాల రానని చెప్పిరా' అని నన్ను తోలిండు. చెప్పెటందుకే పోయిన అక్కా. వరుసల నిలబడ్డ. నా వంతొచ్చింది. క్లర్కు 'తోమాసు' అన్నడు. నా నోట్లకెళ్లి 'హాజర్' అని వచ్చింది.

తెలువది… ఏమనుకున్ననో నాకే తెలువది. ఆలోచించి అన్న మాట కాదది.

ఇంటికొచ్చినంక నా మొఖం చూసిండు బాపు. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. అవ్వ నీళ్లు తోడింది. మల్ల దినం రొట్టె గట్టి చేతికిచ్చింది.  ఇయ్యాల్టిదాక గంతే.

త్యాగమా?… అక్కా, నీకు దండం పెడుత, గా మాట అనకు. అందరు గదే అంటరని తెలిసి నీకు ఫోన్ చేసిన.

బాపు కోసమే అని నేను గూడ అనుకున్న. సగం నిజమే. ఇంక సగం ఉన్నది… ఎట్ల చెప్పాల్నో. కరీంనగర్ కాలేజీల లెక్చరర్ హాజరు పిలిచేది గదా. నా పేరు దగ్గరికొస్తుంటె పుస్తకంల తల దూర్చేటోన్ని. 'ఏలియా' అనెటాల్లకు 'హాజర్' అందామంటె మాట రాకపోయేది. ఎన్కబెంచి పిలగాండ్లు నవ్వేది. క్లాసుల కూసోని గూడ గైరుహాజరు పడ్డ దినాలున్నయి నాకు… ఎవ్వలకు చెప్పలే. నీకు గూడ.

హైదరాబాద్ అంటే మీ అందరికి చార్మినార్ కనవడుతదేమో. నాకు పెద్ద హాలు కనవడుతది, అండ్ల ఎవలో నా పేరు పిలుస్తరు.

బాయి కాడ గట్ల లేదు. 'తోమాసు' అంటే మాట దానంతట అదే వస్తది. పిలిచింది నన్ను కాదు గదా, నాకేం భయం. లోపట, చీకట్ల, తట్ట నింపుకుంట పోతుంటె నువ్వేమైతవు అని ఎవ్వలడుగరు. నా మీద ఎవ్వలకు ఆశ లేదు. అలసిపోవుడొక్కటే పని. నిలబడి నిద్రపోయినట్టుంటది… అవు. నాకది మంచిగనిపించింది. గదే నాకు భయమైతుంది.

…

ఎరికె… గీ సీటు నీకిస్తె పాక్కుంటనన్న పోయేదానివి. మెట్రిక్ ఫస్టుల పాసైనా నర్సు ట్రైనింగ్ చాలన్నరు నిన్ను. అప్పుడు నువ్వు ఏడ్చినవా లేదా అని నేను ఎన్నడడుగలే. నీ వంతు నాకొచ్చింది, నేనిక్కడ దాసుకుంటున్న… అను. ఇంకా అను. నువ్వు అంటుంటె నయం అనిపిస్తుంది.

ఆ… ఆ అమ్మా, పొడిగించుండ్రి, పొడిగించుండ్రి… ఆపరేటర్, అక్కా.

ఎన్నొద్దులు దిగుతనంటే… బాపుకు తగ్గేదాక. దమ్ము తగ్గినంక ఆయనే దిగుతడు. నువ్వే చెప్పు, నర్సువు గదా. గీ బొగ్గు దమ్ము ఎప్పటికి తగ్గుతది?

…

అక్కా?

… మాట మారుస్తవేంది?

సరే. చెప్పకు. సమజయింది, గది తగ్గేది కాదు.

…

అంటే బాపు ఉన్నన్నొద్దులు నేను బాపునే. బాపు పోయిన నాడు ఇద్దరం పోతం. తోమాసును మట్టి చేసినంక తోమాసు ఎట్ల హాజరైతడు… తిట్టు. నిన్న లోపట చెమ్మసు ఆపి నేను గిదే ఆలోచించిన. ప్రభువా, మా బాపుకు నిండ నూరేండ్లు ఇయ్యి అని అడిగిన. ఎందుకు? నా నౌకరి ఉండాల్నని. ప్రార్థన మంచిదే అక్కా, అడిగినోడే మంచోడు కాదు.

నువ్వు చూసుకుంటవు, ఎరికె. బాపును మీ దవాఖానల చేర్పిస్తవు, అవ్వను సాకుతవు, నన్ను చదివిస్తవు. మరి నువ్వెప్పుడు పండుకుంటవు?…

ఆగు… ఒక్క నిమిషం. గట్టన్న వచ్చిండు. ఉరికొచ్చిండు.

ఏందే గట్టన్నా?… అవ్వ చెప్పిందా ఇక్కడున్ననని?… కూసో, కూసోని చెప్పు… ఎవలు? బాపు పండుకున్నడు గదనే…

ఏ షిఫ్టుకు?…

అక్కా… బాపు లేచి బాయికి పోయిండట. మేకుకు నా అంగి ఉన్నది, బిళ్ళ దాని జేబుల్నే ఉండె. నేనిటు రాంగనే తీసుకోని పోయిండట, రెండో షిఫ్టుకు.

గది కాదక్కా, నువ్వు సమజ్ చేసుకో. పొద్దటి షిఫ్టుల తోమాసు దిగిండు. నేను. రిజిస్టర్ల హాజరు పడ్డది. ఒక్క దినంల ఒక్క మనిషి రెండుసార్లు ఎట్ల దిగుతడు?

కిటికీ కాడ ఏమన్నరే?… ఆ… ఆ…

'తోమాసు పొద్దుగాల్నే దిగి పోయిండు, నువ్వెవలివి ముసలోడా' అన్నడట క్లర్కు. బాపు 'నేనే తోమాసును' అన్నడట. 'నిన్నెరిగినోళ్లు ఎవలన్న ఉన్నరా' అన్నడట… లేరా? గంత మందిల?… సారయ్య ఈ షిఫ్టుల లేడు. మిగిలినోళ్లకు బాపు ఎరికె, అక్కా, నేను దిగింది గూడ ఎరికె. ఏ మాటంటె ఎవల మెడకు చుట్టుకుంటదో అని ఊకున్నరు. నువ్వన్న అనకపోయినవా గట్టన్నా… అవు లే. నువ్వెట్లంటవు, డాక్టర్ ముందల నువ్వే తోమాసువైతివి.

మేనేజర్‌కు కబురు పంపిండ్రట. బాపును పక్కకు కూసోబెట్టిండ్రట.

మర్చిపోయి పోయిండా?… లేదక్కా. నీకు పేరు పెట్టకముందు నుంచి గా కిటికీ కాడ నిలబడ్డోడు. ఆయనకు తెలువదా? తెలిసే పోయిండు. నన్ను కొట్టలే, తిట్టలే. పోయి గా కిటికీ నాకు మూసి పెట్టిండు…

ఆ. తన నౌకరి పోతె పోనీ అనే.

నేనిప్పుడు కిటికీ కాడికి పోవాలె అక్కా. కొడుకు గాకుంటె ఆయనను ఎవలు గుర్తు పడుతరు… ఈయన తోమాసు అంట. మరి పొద్దుగాల దిగిందెవలు అంటరు. నేనంట. నువ్వెవలివంటరు… అడుగనియ్యి.

గట్టన్న పేరు తియ్యను. బాపు గూడ తియ్యడు… నువ్వు గట్ల నిలబడకే గట్టన్నా, నిన్నేమనం.

ఇగ బాపు నౌకరి పోతది. దొంగ హాజరు చెప్పినోన్ని ఆయన జాగల ఎవ్వలు పెట్టుకోరు. మిగిలింది గా నీ హైదరాబాద్ సీటొక్కటే…

సంతోషపడకక్కా. నేను ఎంచుకున్నది కాదిది. బాపు తన రొమ్ము అడ్డం పెట్టి నన్ను అటు దిక్కు నూకిండు. పోవుడు తప్ప ఇంకేం లేదని పోతున్న…

వస్త. శనివారం లోపట వస్త. మనిషినైతె వస్త, మనసు ఎప్పుడొస్తదో నాకు తెలువది…

ఇగ పెడుతున్న. నువ్వేడ్వకు… బాపు ఒక్కడే కూసున్నడు అక్కడ.